మా వీధిలో గంజి కేంద్రం

నా ఉద్యోగంలో నాకు అందిన మెమోలు రెండు. మొదటిది నా తప్పు వల్ల వచ్చింది కాదు, దాని గురించి రాయడం అనవసరం. రెండోది పూర్తిగా నా తప్పు వల్లే వచ్చింది. ఈ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు నన్ను చూడ్డానికి వచ్చి, "మీ సర్వీసులో మరిచిపోలేని పని ఏదైనా చెప్పండి సార్" అన్నారు. ఏదో ఘనకార్యం వింటామనుకుని వచ్చినట్టున్నారు. నేను ఆ రెండో మెమో సంగతి చెప్పాను. టీ చల్లారిపోయేదాకా విన్నారు. అప్పుడు చెప్పినదాన్నే వరస పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి, తప్పు పుట్టింది అక్కడే కాబట్టి. మా తాత ముఠాదారు. ఈ మాట ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు. కొండ మీద కొన్ని ఊళ్ళు కలిపి ఒక ముఠా. ఆ ఊళ్ళ తగవులు తీర్చేవాడు, శిస్తు పోగుచేసి పైకి పంపేవాడు ముఠాదారు. మా ముఠాలో తొమ్మిది ఊళ్ళు ఉండేవి. తరవాత ముఠాలు రద్దయ్యాయి. మా నాన్న దాకా వచ్చేసరికి తలపాగా ఉంది, దాన్ని చూసి పక్కకి తప్పుకునే మనుషులు లేరు. నా దాకా తలపాగా కూడా రాలేదు. నడుం వంచకుండా కూర్చోవడం, ఎవరినీ ఏదీ అడక్కపోవడం, ఈ రెండు అలవాట్లు మాత్రం వచ్చాయి. వాన పడుతుంటే ఆఫీసులో ఎవరి గొడుగూ తీసుకునేవాడిని కాదు, తడుస్తూ ఇంటికి వెళ్ళేవాడిని. ఇది గొప్ప గుణమని చాలా ఏళ్ళు నమ్మాను. న్యుమోనియా ఒకసారి వచ్చింది.

అరకు లోయలో మా మండల కేంద్రంలో నేను సూపరింటెండెంటుగా ఉన్నప్పటి మాట ఇది. గిరిజన సంక్షేమం పనులు చూసే ఆఫీసు. ఆస్పత్రి మాకు దగ్గరే. కొండ మీది ఊళ్ళ నుంచి పేషెంటు వస్తే ఆస్పత్రే భోజనం పెడుతుంది. తోడు వచ్చిన మనిషికి పెట్టదు. తోడు రాకుండా పేషెంటు రాడు. తెచ్చుకున్న అంబలి మొదటి రోజుకే అయిపోతుంది. రెండో రోజు నుంచి పేషెంటు అన్నంలోనే ఇద్దరూ ముగ్గురూ తింటారు. మూడో రోజో నాలుగో రోజో తోడువాళ్ళు పేషెంటుని కూడా లేవదీసుకుని కొండెక్కేస్తారు. వైద్యం సగంలో ఆగిపోతుంది. డాక్టరుగారు ఈ సంగతి మా ఆఫీసరుకి చెప్పారు. ఆఫీసరు కుర్రవాడు, పని చెయ్యాలన్న తొందర ఉన్నవాడు. తోడువాళ్ళకి రోజూ మధ్యాహ్నం వేడిగా గంజి పోసే కేంద్రం ఒకటి పెడదామన్నారు. ఆస్పత్రి వెనక వీధిలో మా శాఖదే పాత గోదాము ఖాళీగా ఉంది. అందులో పెట్టమని నాకు ఫైలు పంపారు.

ఆ వీధి మా వీధి. నేను అద్దెకి ఉన్నది గోదాముకి ఆరో ఇల్లు.

వీధిలో ఉన్నవాళ్ళు సగం మంది ఉద్యోగులు, సగం మంది కింద నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారులు. చలికాలం టూరిస్టులు వస్తారు కాబట్టి మూడు నాలుగు ఇళ్ళ మేడలు గదులుగా మార్చి అద్దెకి ఇస్తున్నారు. గంజి కేంద్రం మాట బయటికి పొక్కిన వారానికే ఆఫీసుకి అర్జీ వచ్చింది. వీధిలో ప్రతి ఇంటి సంతకం ఉంది, మా ఇంటిది తప్ప. ఎంగిలాకులు కాలవలో పడతాయని, కుక్కలు మూగుతాయని, తాగి వస్తారని, గదులకి ఎవరూ దిగరని రాశారు. ఆకలిగొన్నవాళ్ళకి పెట్టొద్దని ఒక్కరూ రాయలేదు. పెట్టండి, పుణ్యం, కాకపోతే సంత దగ్గర పెట్టండి అన్నారు. సంత మూడు కిలోమీటర్ల దూరం. పేషెంటుని మంచం మీద వదిలేసి గంజి కోసం మూడు కిలోమీటర్లు నడిచే మనిషి ఉండడు. అది అర్జీ రాసినవాళ్ళకీ తెలుసు.

అర్జీ వెనకున్న పెద్దమనిషి కిరాణా షావుకారు. ఒకరోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు.

"దొరగారూ, మీరూ ఈ వీధిలోనే ఉన్నారు. మీ గుమ్మం ముందు నుంచే లైను కడతారు. మీరు ఒక్క కాయితం రాత్తే ఆగిపోద్ది."

నన్ను దొరగారని పిలిచేవాడు ఊరంతటిలో ఆయన ఒక్కడే. అందులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో ఇరవై ఏళ్ళుగా నాకు తేలలేదు.

"ఫైలు దారిలో ఫైలు వెళుతుంది" అన్నాను.

"ఫైలుకి కాళ్ళు లేవు కదండీ. మీరు నడిపితే నడుత్తాది, కూకోబెడితే కూకుంటాది" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆయన మాట నేను వినలేదని చెప్పుకోవచ్చు. కానీ ఆ ఫైలు నా బల్ల మీద ఐదు వారాలు కూర్చుంది. కారణం కుక్కలూ ఎంగిలాకులూ కాదు. కొండ మీది నుంచి వచ్చేవాళ్ళలో మా తొమ్మిది ఊళ్ళవాళ్ళు ఉంటారు. ఎవరో ఒక ముసలాయన నన్ను చూసి పోలిక పట్టేస్తాడు. ముఠాదారు మనవడు రెండు గదుల అద్దె పోర్షనులో ఉన్నాడని, బయట పంపు దగ్గర తనే నీళ్ళు పట్టుకుంటున్నాడని కొండెక్కి చెబుతాడు. ఇదీ నా అభ్యంతరం. అర్జీలో రాయడానికి పనికిరాదు గనక సంతకం పెట్టలేదు, అంతే.

ఆఫీసరు రెండుసార్లు అడిగాక ఫైలు కదిలించాను. కదిలించాక పని మాత్రం పద్ధతిగా చేశాను. గోదాముకి సున్నం వేయించాను, కాలవ మీద పలకలు పరిపించాను, వంటకి ఒకావిణ్ణి పెట్టాను. మా సెక్షనులో ఒక జూనియర్ అసిస్టెంటు ఉండేది. విజయనగరం వైపు అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి, తెలియనిది అడగడానికి సిగ్గుపడేది కాదు. గంజిలో ఏమి వెయ్యాలన్న దగ్గర ఆ అమ్మాయికీ నాకూ మాటా మాటా వచ్చింది.

బియ్యంలో చిక్కుడు గింజలు వేసి ఒకే గుండిగలో ఉడికిస్తే జావ చిక్కగా వస్తుంది, బలం కూడా. అప్పుడే కొత్త చిక్కుడు గింజలు సంతకి వస్తున్నాయి. మన కొండ పంట మనవాళ్ళకే పెట్టినట్టు ఉంటుందని నేను ఆ గింజలకి ఇండెంటు రాశాను.

"సార్, మాకు పాలు పోసే ఆవిడ అంటోంది, వాళ్ళ వైపు ఇంకా చిక్కుడు కొత్త అవలేదట. ఒకసారి ఊళ్ళలో అడుగుదామా?" అంది.

కొత్త అంటే పండగ. కొండ మీద ఏ పంట వచ్చినా, ఊరంతా కలిసి దేవతకి పెట్టి కొత్త చేసుకునేదాకా ఎవరూ ఆ పంట నోట పెట్టరు. మామిడికి ఒక కొత్త, సామలకి ఒక కొత్త, చిక్కుడుకి ఒక కొత్త. సంతలో అమ్ముకోవడానికి అడ్డులేదు, తినడానికే అడ్డు. పసిపిల్లలకి కూడా తెలిసిన కట్టు అది.

నేను కళ్ళద్దాలు తీసి ఆ అమ్మాయిని చూశాను.

"అమ్మా, తొమ్మిది ఊళ్ళ కొత్త మా తాత గుమ్మంలో జరిగేది. ఆయన నోట పెట్టాకే ఊళ్ళు తినేవి. పుష్య పౌర్ణమికి చిక్కుడు కొత్త. పౌర్ణమి వెళ్ళి పది రోజులైంది. పాలావిడ చెబితే నేను తెలుసుకోవాలా?"

"అలాక్కాదు సార్..."

"టైపు చెయ్యి."

చేసింది. ఇండెంటు మీద సంతకం నాది.

కేంద్రం తెరిచే రోజు పొద్దున్న పొగమంచు తొమ్మిదింటికి గాని విడలేదు. వీధిలోనూ మెయిన్ రోడ్డు మీదా దుకాణాలన్నీ మూసేశారు. గంజి కేంద్రానికి నిరసనగా బంద్. గోదాముకి ఎదురుగా టార్పాలిన్ కట్టి, ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ముప్పై మంది దాకా కూర్చున్నారు. ముందు కుర్చీలో షావుకారు, పక్కన రిటైరైన మాస్టారు ఒకాయన. నేను ఎదురుగా వస్తుంటే మాస్టారు తల తిప్పుకున్నాడు. ఇద్దరం రోజూ సాయంత్రం కలిసి నడిచేవాళ్ళం.

పదకొండున్నరకి ఆఫీసరు వచ్చారు. అప్పటికే ఆస్పత్రి నుంచి తోడువాళ్ళు ఓ నలభై మంది వచ్చి గోదాములో రెండు వరసలుగా కూర్చున్నారు. నేను కుర్రతనంలో విన్న మాట తీరు చెవిన పడుతోంది. నేను వాళ్ళ మొహాల్లోకి చూడకుండా నిలబడ్డాను. అడ్డాకు దొప్పలు వేశారు. వంటావిడ గరిటెతో జావ పోసింది. ఆవిరి లేస్తోంది. ఆఫీసరు రెండు ముక్కలు మాట్లాడి, "తినండి" అన్నారు.

ఎవరూ తినలేదు.

మొదట మొహమాటం అనుకున్నాం. నేను "తినండమ్మా" అన్నాను. దొప్పల వంక చూశారు, ఒకరి వంక ఒకరు చూశారు, చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నారు. కాలిపోతోందేమోనని కాసేపు ఆగాం. ఆవిరి తగ్గింది, జావ మీద మీగడలా పొర కట్టింది. అయినా చెయ్యి పెట్టినవాళ్ళు లేరు. వంటావిడ మొహం కందిపోయింది. "నేను రుసి సూసే దింపానండి, ఏ లోటూ లేదు" అని ఎవరూ అడక్కుండానే చెప్పింది.

ఎదుటి టెంటులోంచి షావుకారు గొంతు వినిపించింది. "ఆకలో ఆకలో అన్నారు కదండీ. ఏదండీ ఆకలి?" టెంటులో నవ్వారు.

ఆఫీసరు నన్ను పక్కకి పిలిచారు. "ఏమిటిది?"

"కనుక్కుంటాను సార్."

రెండో వరస చివర ఒక ముసలావిడ కూర్చుని ఉంది. హుకుంపేట వైపు నుంచి వచ్చిన మనిషి. ఆవిడ సంగతి ముందురోజే నర్సు నాతో చెప్పింది. కోడలికి నెల తక్కువలో కాన్పు అయింది. బిడ్డ తూకం బాగా తక్కువ, వెచ్చటి పెట్టెలో ఉంచారు. కనీసం రెండు వారాలు కదలకూడదు. మూడు రోజులుగా అత్త సరిగ్గా తినలేదు, రేపటి బస్సుకి ముగ్గురం పోతామంటోంది. ఈ చలిలో కొండెక్కితే బిడ్డ దక్కదని నర్సు చెప్పి చెప్పి అలిసిపోయింది. రేపటి నుంచి గంజి పోస్తారు, ఒక్కరోజు ఆగమని బతిమాలి ఆపింది.

నేను వెళ్ళి ఆవిడ ముందు వంగాను. వంగి మాట్లాడ్డం నాకు అలవాటు లేదు, మోకాలు పట్టేసింది. మా కొండ ఒడియాలోనే అడిగాను. ఆవిడా అందులోనే జవాబు చెప్పింది. తెలుగులో రాస్తున్నాను.

"ఎందుకు తినడంలేదమ్మా?"

"చిక్కుడు పడింది కదా బాబూ."

"పడితే?"

"మాకు కొత్త అవలేదు."

"పౌర్ణమి దాటింది కదా."

"పౌర్ణమికి ఎవరు చేస్తున్నారు ఇప్పుడు? ఏ ఊరి దిసారి ఆ ఊరికి రోజు చూసి చెబుతాడు. మా ఊళ్ళో చావు పడింది, వెనక్కి జరిగింది. ఈ ఎదర వరసవాళ్ళకీ అవలేదు. వాళ్ళ చేలో చిక్కుడు ఇంకా పచ్చిగానే ఉందట."

దిసారి అంటే రోజు మంచిదో చెడ్డదో చూసి చెప్పే ఊరి పెద్ద. మా తాత రోజుల్లో తొమ్మిది ఊళ్ళ దిసారులూ మా గుమ్మానికి వచ్చి ఒకే రోజు చెప్పేవారు. ముఠా పోయాక ఆ పద్ధతీ పోయింది. పోయి అరవై ఏళ్ళు దాటింది. లోకంలో ఈ సంగతి తెలియనివాడిని నేనొక్కడినే అయి ఉంటాను.

"ఆకలిగా ఉందా అమ్మా?" అన్నాను. అంతకన్నా తెలివితక్కువ ప్రశ్న నేను జీవితంలో అడగలేదు.

ఆవిడ తల ఎత్తింది. "నీ మాట మా వైపుదే. ఎవరింటివాడివి?" అంది.

దాచడానికి వీల్లేకపోయింది. ఊరు చెప్పాను, మా తాత పేరు చెప్పాను.

"ఆ ఇంటివాడివా. అయితే నీకు తెలిసుండాలే" అంది. కోపంగా అనలేదు. దొప్పని జాగ్రత్తగా, ఒలక్కుండా పక్కకి జరిపింది.

లేచి వచ్చేసరికి ఆఫీసరు గడియారం చూసుకుంటున్నారు. ఒంటిగంటకి ఆయన పాడేరు బయల్దేరాలి, మీటింగు ఉంది. "చూడండి, ఒకవైపు వీధి అంతా వద్దంటోంది. ఇంకోవైపు పెట్టింది కూడా తినడంలేదు. ఎవరి కోసం ఈ గొడవ? సంత దగ్గరికి మార్చేద్దాం. నోట్ రాయండి, సంతకం పెట్టి వెళతాను" అన్నారు.

ఆ నిమిషం గురించి నిజం చెబుతాను. నాకు నోట్ రాయాలనిపించింది. రాస్తే వీధి పాతలా ఉంటుంది. మాస్టారు సాయంత్రం నడకకి పిలుస్తాడు. మా ఊళ్ళవాళ్ళు నా గుమ్మం ముందు నుంచి వెళ్ళరు. చిక్కుడు సంగతి ఎవరికీ తెలియదు, 'ప్రజల నుంచి స్పందన కొరవడినందున' అని ఒక వాక్యం చాలు. అలాంటి వాక్యాలు రాయడంలో నాకు మంచి పేరు కూడా ఉంది. జూనియర్ అమ్మాయి నా పక్కనే ఫైలు పట్టుకుని నిలబడింది. ఆమెకి అంతా అర్థమైంది. 'నేను చెప్పాను కదా' అన్న చూపు కూడా చూడలేదు. నేలకేసి చూస్తోంది. అలా చూసి ఉంటే బహుశా నేను నోటే రాసేవాడిని.

"సార్, వాళ్ళకి ఆకలి ఉంది. తప్పు నాది" అన్నాను.

గోదాము తలుపులు తెరిచే ఉన్నాయి, టెంటు దాకా వినబడుతుందని తెలుసు. కొత్త సంగతి చెప్పాను. ఇండెంటు నేను రాశానని, అడుగుదామంటే నేనే వద్దన్నానని చెప్పాను. "అరగంట ఇవ్వండి. చిక్కుడు లేకుండా ఇంకోటి వండిస్తాను."

"ఒంటిగంటకి నా కారు కదులుతుంది" అన్నారు ఆఫీసరు.

ఏమి వండించాలో నాకు తెలియదు. ఆ రోజుకి స్టోరు ఇచ్చిన బియ్యం, గింజలు అన్నీ గుండిగలో పడిపోయాయి. వంటావిడే దారి చెప్పింది. "సోడిపిండి ఉంటే అంబలి పావుగంటండి. నీళ్ళు మరుగుతానే ఉన్నాయి. పాత పిండి అయితే ఏ కొత్తా అడ్డు రాదు."

"దుకాణాలు మూసేశారు కదా" అన్నాను.

అప్పుడు జూనియర్ అమ్మాయి తల ఎత్తింది. "సార్, మీ వీధిలో షుగరు లేని ఇల్లుందా?"

నిజమే. మా చిన్నప్పుడు చోడి అంబలి, అంటే రాగి అంబలి, కొండవాళ్ళ తిండి అని కిందవాళ్ళు ముక్కు ముడిచేవారు. ఇప్పుడు డాక్టర్లు చెప్పారని మేడలున్న ప్రతి ఇంట్లోనూ చోడిపిండి డబ్బా ఉంది. "నేను వెళతాను సార్" అంది ఆ అమ్మాయి. ఆమెకి ఆ వీధిలో ఎవరూ తెలియదు. వంటావిడ దగ్గర సత్తు బేసిను తీసుకుని నేనే బయటికి నడిచాను. టెంటు ముందు నుంచే వెళ్ళాలి, వేరే దారి లేదు. ముప్పై జతల కళ్ళు బేసిను మీద ఉన్నాయి.

ముందు మా ఇంటికే వెళ్ళాను. మా ఆవిడ డబ్బా మొత్తం వంచేసి, "ఇరవై ఏళ్ళలో పక్కింటివాళ్ళని అగ్గిపెట్టె అడగనివ్వలేదు నన్ను. ఇవాళ మీరే బయల్దేరారా" అంది. పక్కింట్లో తలుపు తీసిన ఆవిడ నన్ను, బేసినునీ చూసి ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళి పిండి తెచ్చింది. ఆ తరవాతి ఇంట్లో తలుపు తియ్యలేదు. లోపల టీవీ నడుస్తూనే ఉంది. మాస్టారి ఇంట్లో ఆయన భార్య వీధి గుమ్మంలో కనబడి, పెరటివైపు రమ్మని చెయ్యి ఊపింది. పెరటి గుమ్మంలోంచి రెండు గ్లాసులు పోసింది. "మీ స్నేహితుడికి చెప్పకండి అన్నయ్యగారూ. సంతకం పెట్టి కూర్చున్నారు కదా" అంది.

షావుకారు ఇల్లు దాటి ముందుకి వెళుతున్నాను. వెనక నుంచి పిలుపు వచ్చింది.

"దొరగారూ, మా ఇల్లు దాటిపోతన్నారేటి? మాకు లేదా సుగరు?"

ఆగాను. ఆయన టెంటులోంచి లేచి వచ్చాడు. ఆయన గుమ్మంలో నిలబడి నా చేతిలో బేసినుని చూశాడు.

"మా తాత ఘాట్ రోడ్డు లేనప్పుడు ఉప్పు బస్తా నెత్తినెట్టుకుని మీ కొండెక్కీవోడు. మీ అరుగు కింద కూకునీవోడంట. మీ తాత ఒక్కసారీ లోపలికి రమ్మన్లేదంట. మా నాయన సెప్పీవోడు."

"అయ్యుండొచ్చు" అన్నాను. నాకు ఆ సంగతి తెలియదు. కానీ మా తాత సంగతి తెలుసు కాబట్టి అబద్ధమని అనలేకపోయాను.

"మీరు లోపలికి రండి" అన్నాడు.

వెళ్ళాను. సోఫాలో కూర్చోమన్నాడు, కూర్చున్నాను. బేసిను ఒళ్ళో ఉంది. మంచినీళ్ళు ఇప్పించాడు, తాగాను. గోడ మీద గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. ఆయన తొందరపడలేదు. నేను తొందరపెట్టలేదు. ఆ రెండు నిమిషాలు ఆయనవి, తీసుకోనిచ్చాను. తరవాత లోపలికి కేకేశాడు.

"ఏమే, సోడిపిండి ఎంతుంటే అంత అట్టుకురా. బేగి. ఆళ్ళ ఆఫీసరు పోతాడంట."

భార్య పెద్ద స్టీలు డబ్బాతో వచ్చి బేసిను నింపేసింది. షావుకారు గుమ్మం దాకా వచ్చి, "పిండి పిండే, సంతకం సంతకమే. రెండూ కలిపీకండి" అన్నాడు.

"కలపను" అన్నాను. "చాలా ఉపకారం చేశారు." ఆ మాట ఎవరితోనైనా అనడం నాకు కొత్త.

ఒంటిగంటకి అయిదు నిమిషాలుండగా అంబలి దిగింది. ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. కొత్త దొప్పలు వేశారు. ఎవరూ తినమని చెప్పలేదు. నలభై మందీ తల వంచుకుని తాగారు, మళ్ళీ పోయించుకుని తాగారు. గోదాములో జుర్రే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముసలావిడ తాగాక ఒక గ్లాసు కోడలికి అడిగి తీసుకుంది.

ఆ మొదటి గుండిగ జావ అలాగే ఉండిపోయింది. వంటావిడకి పారబొయ్యడం ఇష్టం లేదు. ఇద్దరి చేత మోయించి టెంటు దగ్గరికి తీసుకెళ్ళి, "బాబూ, మీకు కొత్తా గిత్తా లేదు కదా. పొద్దున్నుంచి కూకున్నారు, తినండి" అంది. దుకాణాలతో పాటు హోటళ్ళు కూడా వాళ్ళే మూయించారు, ఒంటిగంట దాటింది. మొదట వెనక కుర్చీలోని వాళ్ళు లేచారు. తరవాత మాస్టారు దొప్ప పట్టాడు. గంజి కేంద్రం వద్దని కూర్చున్నవాళ్ళంతా గంజి తాగారు. షావుకారు మాత్రం ముట్టలేదు. బియ్యం ఆయనకి పడదు.

ఆఫీసరు కారు ఒంటిగంటకి కదల్లేదు. ఆయన టెంటు దాకా నడిచి షావుకారుని అడిగారు. "మీరేమంటారు?"

షావుకారు లేచి నిలబడ్డాడు. "మేం వద్దన్నది వద్దన్నదేనండి. మీరు పెట్టక మానరు, అది తెలుత్తానే ఉంది. పెడితే మద్దేనం రెండింటికల్లా తలుపెయ్యాల. ఆకు ఒక్కటి మా కాలవలో పడినా మళ్ళీ టెంటే."

"రాసుకోండి" అన్నారు ఆఫీసరు నాతో. రాసుకున్నాను. కేంద్రం అక్కడే ఉండిపోయింది. అర్జీని వాళ్ళు వెనక్కి తీసుకోలేదు, ఇప్పటికీ ఫైల్లోనే ఉంది. ఆకులు కాలవలో పడ్డాయని షావుకారు ఆ తరవాత నాలుగుసార్లు ఉత్తరం రాశాడు. మూడుసార్లు నిజంగానే పడ్డాయి.

మెమో వారానికి వచ్చింది. స్థానిక ఆచారాలు విచారించకుండా ఇండెంటు పెట్టి కేంద్రం ప్రారంభంలో ఇబ్బంది కలిగించినందుకు సంజాయిషీ కోరారు. మా సెక్షనులో ఒకాయన మంచి జవాబు రాసిపెడతానన్నాడు. స్టోరు మీదికి నెట్టొచ్చు, డాక్టరు సూచన అని చెప్పొచ్చు, దారులు ఆరున్నాయన్నాడు. నేను 'అడగవలసిన వారిని అడగలేదు. తప్పు నాదే' అని రాసి ఇచ్చాను. సంజాయిషీ మరీ పొట్టిగా ఉందని తిప్పి పంపారు. తేదీ వేసి అదే మళ్ళీ పంపాను.

కొత్తగా చేరినవాళ్ళకి నేను నీతి చెప్పను. ఏదైనా ఒక ఊరి గురించి మీకు అంతా తెలుసనిపించినప్పుడు, ఆ తెలిసింది ఏ సంవత్సరం నాటిదో ఒకసారి చూసుకోండి. నాది అరవై ఏళ్ళ కిందటిది, అదీ మా ఇంటి అరుగు మీద నుంచి కనబడినంత వరకే.

ముసలావిడ వెళ్ళిపోతానన్న బస్సు మర్నాడు వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళలేదు. పదహారు రోజులు ఉన్నారు. పదహారు రోజులూ ఆవిడ గంజికి వచ్చింది, ఎప్పుడూ రెండో వరస చివరే కూర్చునేది. బిడ్డ తూకం చాలన్నాక డాక్టరు పంపించారు. వెళ్ళేరోజు పొద్దున్న ఆవిడ మా ఇంటి ముందు నిలబడింది. వెనక కోడలు, కోడలి చేతుల్లో గొంగడి మూట, మూటలోంచి రూపాయి బిళ్ళంత మొహం. నేను పంపు దగ్గర బిందె పడుతున్నాను. బిందె దించి వెళ్ళాను.

"మా ఊరికి రోజు పెట్టారు. వచ్చే బేస్తవారం కొత్త" అంది ఆవిడ. "అవతలి గట్టు మీది రెండు ఊళ్ళకి ఆ తరవాతి సోమవారం. వాళ్ళు వస్తే చిక్కుడు పెట్టకు."

"ఇంకా ఏ ఊళ్ళు మిగిలాయమ్మా?" అని అడిగాను.

ఆవిడ వేళ్ళు మడుస్తూ ఒక్కో ఊరూ చెప్పింది. నేను తడి చేతులు పంచెకి తుడుచుకుని, కాగితం తెచ్చుకుని, గుమ్మం ముందు నిలబడి రాసుకున్నాను. ఒక ఊరి పేరు నాకు తెలియలేదు. మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది.